‘లైన్ 1’ అంటే ఎక్సెల్‌లో ఒకటో రో కాదండీ

ఈ ఉత్తరం పంపినావిడ పేరు వద్దన్నారు, గుంటూరు వైపు అని మాత్రం రాశారు. వయసు 36. బీకాం అవగానే పెళ్లి, ఇద్దరు పిల్లలు, తొమ్మిదేళ్లు ఇల్లే లోకం. పిల్లలు స్కూల్ బాట పట్టాక వాళ్లని అత్తగారి దగ్గర ఉంచి, అమీర్‌పేటలో చెల్లెలి ఇంట్లో మూడు నెలలుండి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నారు. ఐదు నెలల కిందట, ప్రైవేటు స్కూళ్లకి సాఫ్ట్‌వేర్ చేసిపెట్టే ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం వచ్చింది. మొదటి పెద్ద పని: ఒక స్కూల్ అడ్మిషన్ రిజిస్టర్, 1,846 మంది పిల్లల వివరాలు ఎక్సెల్‌లో ఉన్నవి కొత్త డేటాబేస్‌లోకి ఎక్కించడం.

అందుకు పైథాన్‌లో స్క్రిప్ట్, అంటే చిన్న ప్రోగ్రామ్, రాశారు. మొదట సర్వర్ మీద ఒక్క రో (అడ్డు వరుస) కూడా ఎక్కలేదు, అదే కోడ్ టీమ్ లీడ్ ల్యాప్‌టాప్‌లో మాత్రం నడిచింది. ఆ అబ్బాయికి 24 ఏళ్లు. వచ్చి ఒక కాలమ్ పేరుకి అటూ ఇటూ ఏవో వాలు కోట్స్ పెట్టి, "సింపుల్ సింటాక్స్ ఎర్రరే మేడమ్" అని మళ్లీ హెడ్‌ఫోన్స్ పెట్టేసుకున్నాడట. ఆ తర్వాత కొన్ని రోలు ఎక్కడం, ఎక్కడో ఆగడం. "ప్రతిసారీ లైన్ 1లో తప్పు అంటుంది. ఒకటో రో ఇరవైసార్లు చూశాను, అందులో ఏ తప్పూ లేదు. మూడో రోజు రాత్రి విసుగొచ్చి, ఆగిన రో తీసేసి మళ్లీ రన్ చేశాను. నడిచింది. ఇంకోచోట ఆగింది, అదీ తీసేశాను. అలా 23 తీసేశాను. పొద్దున్న లీడ్ చూసి సూపర్ మేడమ్ అన్నాడు. వచ్చే సోమవారం నుంచి స్కూల్ వాళ్లు ఇందులోనే ఫీజు రసీదులు కొడతారు. నిద్ర పట్టడం లేదు. చెప్పాలా, ఊరుకోవాలా? మావారు ఇంత టెన్షన్ ఎందుకు, మానేయ్ అంటున్నారు. అసలు ఈ వయసులో నాకు వచ్చే పనేనా ఇది?" అని అడిగారు. కింద నాలుగు ఎర్రర్ మెసేజ్‌లు, ఒక క్వెరీ (డేటాబేస్‌కి ఇచ్చే ఆదేశం) అతికించి పంపారు.

అమ్మా, మీ ఉత్తరంలో రెండు ముళ్లు ఒకదాన్లో ఒకటి చిక్కుకున్నాయి. సింటాక్స్ ఎర్రర్, అంటే ఆదేశం రాసిన తీరులో తప్పు, ఒకటి, ఆ 23 మంది పిల్లలు ఇంకొకటి. రెండోదే పెద్దది, నిద్ర పట్టనిది కూడా దానికే. కానీ మొదటిది విప్పితే గానీ రెండోది సర్దలేరు కాబట్టి ముందు ఎర్రర్ల సంగతే చూద్దాం. క్వెరీలు ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నా, స్క్రీన్ మీద ఇంగ్లిష్‌లో ఎలా ఉంటాయో మీకు తెలుసు కదా.

లైన్ 1 దగ్గరే మీరు మూడు రోజులు పోగొట్టుకున్నారు. మైఎస్‌క్యూఎల్‌కి మీ ఎక్సెల్ ఉందనే తెలియదు. మీ స్క్రిప్ట్ ఒక్కో పిల్లాడికి ఒక్కో ఇన్సర్ట్ వాక్యం తయారుచేసి పంపిస్తోంది, ఆ వాక్యం ఒకే లైనులో ఉంటుంది, అందుకని అది 700వ పిల్లాడి దగ్గర ఆగినా లైన్ 1 అనే చెబుతుంది. మీరు చూడాల్సింది ఆ అంకె కాదు, అదే మెసేజ్‌లో ‘నియర్’ అన్న మాట తర్వాత కోట్స్‌లో ఉన్న ముక్క. మైఎస్‌క్యూఎల్ చదువుకుంటూ వచ్చి, ఎక్కడ అర్థంకాక ఆగిపోయిందో అక్కడి నుంచి మొదలయ్యే ముక్క అది. తప్పు సాధారణంగా ఆ ముక్క మొదట్లోనే ఉంటుంది, లేదా దానికి సరిగ్గా ముందు.

మీరు పంపిన మొదటి మెసేజ్, ఎర్రర్ నంబర్ 1064, అదే చూడండి. నియర్ తర్వాత ‘సౌజా’ అని మొదలైంది. అంటే మీ స్క్రిప్ట్ పంపిన వాక్యం దాదాపు ఇలా ఉండి ఉంటుంది:

ఇన్సర్ట్ ఇంటూ స్టూడెంట్స్ (నేమ్, విలేజ్, ఫీజు) వాల్యూస్ ('ఆంటోనీ డి'సౌజా', 'తెనాలి', 42500)

సింగిల్ కోట్‌తో పేరు మొదలైంది. ‘డి’ తర్వాత ఇంకో సింగిల్ కోట్ కనపడింది. మనకది ఇంటిపేరులో అపాస్ట్రఫీ, మైఎస్‌క్యూఎల్‌కి మాత్రం పేరు అయిపోయిందన్న గుర్తు. పేరు అయిపోయాక కామా గానీ బ్రాకెట్ గానీ రావాలి, అలాంటిది ‘సౌజా’ అనే ఊరూపేరూ లేని మాట వచ్చింది. అక్కడ ఆగింది. పేర్లలోనే కాదు, అడ్రస్ కాలమ్‌లో ‘ఉమెన్స్ హాస్టల్ పక్కన’ అని ఇంగ్లిష్‌లో అపాస్ట్రఫీతో సహా ఎవరైనా టైప్ చేసి ఉంటే అక్కడా ఇదే కథ. మీరు తీసేసిన 23లో సగానికి పైగా ఇవే ఉంటాయని నా అనుమానం.

రెండోది, 1136. కాలమ్‌ల సంఖ్యకీ విలువల సంఖ్యకీ పొంతన లేదంటోంది. మీరు కాలమ్‌లు లెక్కపెట్టుకుని పదకొండే ఉన్నాయి కదా అని తల పట్టుకున్నారు. ఫీజు గడి చూడండి. కొన్ని గడుల్లో 42500 అని అంకెగా ఉంది, కొన్నిట్లో ఎవరో ఆఫీస్ క్లర్క్ 42,500 అని కామా పెట్టి టెక్స్ట్‌గా కొట్టారు. కోట్స్ లేకుండా అది వాక్యంలోకి వెళితే 42 ఒక విలువ, 500 ఇంకో విలువ. మనం లక్షల లెక్కలో 1,25,000 అని రాస్తే అదే మూడు విలువలైపోతుంది! పోనీ దానికీ కోట్స్ పెట్టేస్తే పోలా అంటారేమో, వద్దు. స్ట్రిక్ట్ మోడ్ (తప్పు విలువ వస్తే తిప్పికొట్టే సెట్టింగ్) ఉన్న సర్వర్ ఒప్పుకోదు. అది లేని పాత సర్వర్ అయితే మరీ ఘోరం, కామా దగ్గర ఆపేసి 42 అని ఎక్కించేసుకుంటుంది. నలభై రెండు రూపాయల ఫీజు. కామా పైథాన్‌లోనే తీసేసి, అంకెగా మార్చి పంపాలి.

మూడోది 1054, ‘నాన్’ అనే కాలమ్ లేదు అంటోంది. అది మీరు పెట్టిన పేరు కాదు, పాండాస్ (ఎక్సెల్ చదివిపెట్టే పైథాన్ లైబ్రరీ) పెట్టింది. ఎక్సెల్‌లో గడి ఖాళీగా ఉంటే పాండాస్ దాన్ని ‘నాట్ ఎ నంబర్’ అని, పొట్టిగా నాన్ అని చదువుతుంది. కోట్స్ లేకుండా వెళ్లిన మాటని మైఎస్‌క్యూఎల్ కాలమ్ పేరనుకుంటుంది, అందుకే ఆ ఎర్రర్. నిజానికి ఇక్కడ ఎర్రర్ రావడమే మీ అదృష్టం. తండ్రి పేరు గడి ఖాళీగా ఉన్న పిల్లల సంగతి ఆలోచించండి, అక్కడ మీ స్క్రిప్ట్ కోట్స్ పెడుతుంది కాబట్టి ఏ ఎర్రరూ రాకుండా ‘నాన్’ అనే మూడు ఇంగ్లిష్ అక్షరాల మాట నిక్షేపంగా ఎక్కేసి ఉంటుంది. సోమవారం రసీదు మీద తండ్రి పేరు: నాన్ అని ప్రింటవుతుంది, తండూరీదో మామూలుదో స్కూల్ వాళ్లే అడుగుతారు. కాబట్టి ఎక్కిన 1,823లో కూడా ఒకసారి ఆ మాట కోసం వెతకండి. ఖాళీ గడులన్నిటినీ పైథాన్‌లో ‘నన్’గా మార్చి పంపితే అవి డేటాబేస్‌లో నల్‌గా, అంటే ‘విలువ లేదు’ అన్న గుర్తుగా, పడతాయి.

నాలుగోది మీ లీడ్ వాలు కోట్స్ పెట్టి సరిచేసినది. కాలమ్ పేరు ‘ర్యాంక్’. మైఎస్‌క్యూఎల్ 5.7 వరకు అది మామూలు మాట, 8.0కి వచ్చేసరికి రిజర్వుడ్ మాట, అంటే మైఎస్‌క్యూఎల్ తన సొంతానికి ఉంచుకున్న మాట, అయింది. అతని ల్యాప్‌టాప్‌లో ఉన్నది పాత వెర్షన్ అయివుంటుంది, సర్వర్‌లో కొత్తది. అందుకే అక్కడ నడిచింది, ఇక్కడ నడవలేదు. మీ తప్పేమీ లేదు అందులో. ఆ వాలు కోట్స్‌ని బ్యాక్‌టిక్స్ అంటారు, కీబోర్డ్ మీద ఎస్కేప్ కింద ఉండే గుర్తు. అవి కాలమ్ పేర్లకి, టేబుల్ పేర్లకి. నిటారుగా ఉండే సింగిల్ కోట్స్ విలువలకి. ‘ఆర్డర్’, ‘గ్రూప్’, ‘కీ’, ‘డెస్క్’ ఇవన్నీ కూడా ఇలాంటి మాటలే, ముఖ్యంగా డిస్క్రిప్షన్‌ని పొట్టిగా డెస్క్ అని పెట్టుకుని ఏడ్చినవాళ్లలో నేనూ ఉన్నా. ఈ మాట అతను ఆ రోజే అర నిమిషంలో చెప్పి ఉండొచ్చు. చెప్పకపోవడం అతని లోపం, మీది కాదు.

అన్నట్టు మీరు వర్డ్‌లో అతికించి పంపిన క్వెరీలో కోట్స్ అన్నీ అందంగా వంగిపోయి ఉన్నాయి. వర్డ్ వాటిని అలా మార్చేస్తుంది, కొన్ని ఫోన్ కీబోర్డులు కూడా. అక్కడి నుంచి మళ్లీ కాపీ చేసి రన్ చేస్తే మైఎస్‌క్యూఎల్ వాటిని కోట్స్‌గా గుర్తుపట్టదు. క్వెరీలు దాచుకోవాలంటే నోట్‌ప్యాడ్‌లో దాచుకోండి.

ఇప్పుడు దీన్ని ఎలా బాగుచేయాలి అంటే మూడు దారులు కనపడుతున్నాయి నాకు.

23 రోలే కదా, చేత్తో సరిచేసి ఎక్కించొచ్చు. అపాస్ట్రఫీ ఉన్నచోట దాన్ని రెండుసార్లు కొడితే, అంటే పక్కపక్కనే రెండు సింగిల్ కోట్స్ పెడితే, మైఎస్‌క్యూఎల్ దాన్ని ఒక అపాస్ట్రఫీగా తీసుకుంటుంది. గంటన్నర పని. ఈ స్కూల్ వరకు గట్టెక్కుతారు, వచ్చే నెల ఇంకో స్కూల్ ఫైల్ వస్తే మళ్లీ ఇదే రాత్రి. ఒక్క మాట, అపాస్ట్రఫీని తీసేసి ‘డిసౌజా’ అని కలిపేయడం మాత్రం వద్దు. స్కూల్ రికార్డులో ఎలా ఉంటే పదో తరగతి మెమో మీద అలా వస్తుంది. ఆ తర్వాత పేరు దిద్దించుకోవాలంటే ఆ తల్లిదండ్రులు ఎన్ని గుమ్మాలెక్కాలో మీకు తెలియంది కాదు.

రెండో దారి, స్క్రిప్ట్‌నే మార్చడం. విలువల్ని వాక్యంలో అతికించడం మానేసి, వాటి చోట్లో %ఎస్ అని ఖాళీలు పెట్టండి:

ఇన్సర్ట్ ఇంటూ స్టూడెంట్స్ (నేమ్, విలేజ్, ఫీజు) వాల్యూస్ (%ఎస్, %ఎస్, %ఎస్)

విలువల్ని ఎగ్జిక్యూట్‌కి రెండో ఆర్గ్యుమెంట్‌గా విడిగా ఇవ్వండి. అప్పుడు కోట్స్ సంగతి కనెక్టరే (పైథాన్‌నీ మైఎస్‌క్యూఎల్‌నీ కలిపే లైబ్రరీ) చూసుకుంటుంది, పేరులో ఎన్ని అపాస్ట్రఫీలున్నా పేరు పేరుగానే వెళుతుంది. మూడు చోట్ల అందరూ జారతారు. %ఎస్ చుట్టూ మీరు మళ్లీ కోట్స్ పెట్టకూడదు, అంకెలకైనా %ఎస్ అనే రాయాలి, %డీ కాదు. విలువ ఒక్కటే ఉంటే బ్రాకెట్‌లో దాని తర్వాత కామా పెట్టాలి, లేకపోతే పైథాన్ దాన్ని ట్యుపుల్ (విలువల వరస) అనుకోదు. దీనికి ఒక పూట పడుతుంది. ఇది కోట్స్ బాధ ఒక్కటే తీరుస్తుంది సుమా. ఖాళీ గడులూ, కామాల ఫీజులూ, తేదీలూ మీరే శుభ్రం చేసుకోవాలి. తేదీ అంటే గుర్తొచ్చింది, మనం 15-06-2011 అని రాసుకుంటాం, మైఎస్‌క్యూఎల్‌కి 2011-06-15 కావాలి, అదీ కోట్స్‌లో. కోట్స్ మర్చిపోతే అది తీసివేత లెక్క అనుకుని చేసేస్తుంది, 1990 వస్తుంది.

మీరు అతికించే పద్ధతిలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఇవాళ ఎక్సెల్ కాబట్టి సరే, రేపు ఇదే పద్ధతిలో వెబ్‌సైట్ ఫారం వెనక కోడ్ రాస్తే, పేరు గడిలో పేరు బదులు ఎవడైనా ఎస్‌క్యూఎల్ ముక్క కొట్టి మీ టేబుల్‌ని ఆడించొచ్చు. ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అనేది ఇదే. డి'సౌజా అబ్బాయి ఏ పాపం ఎరగకుండా మీకు చూపించిన కన్నం అది.

మూడో దారి, ఎక్సెల్‌ని సీఎస్‌వీగా, అంటే విలువల మధ్య కామాలుండే మామూలు టెక్స్ట్ ఫైల్‌గా, సేవ్ చేసి లోడ్ డేటా కమాండ్‌తో ఒకేసారి లాగేయడం. వేలల్లో, లక్షల్లో రోలు ఉంటే ఇదే బాగుంటుంది, చాలా వేగం. కాకపోతే ఫైల్ మీ కంప్యూటర్‌లో ఉంటే దానికి లోకల్ ఇన్‌ఫైల్ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉండాలి, 8.0లో సర్వర్ వైపు అది మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, కాబట్టి సర్వర్ చేతిలో ఉన్నవాళ్లని అడగాలి. మీరున్న పరిస్థితిలో ఎవరినో ఒక పర్మిషన్ అడగడం దగ్గరే మూడు రోజులు పోతాయి. నేనైతే రెండోదే చేస్తాను.

ఇక్కడ ఒక ఆశ పుడుతుంది, పుట్టకముందే చెబుతున్నా. కొత్త స్క్రిప్ట్‌తో మొత్తం 1,846 మళ్లీ రన్ చేస్తే, అడ్మిషన్ నంబర్ ప్రైమరీ కీ (ఏ రెండు రోలకీ ఒకటే ఉండకూడని గుర్తు) అయితే గనక, ఎక్కేసిన వాళ్ల దగ్గర 1062, డూప్లికేట్ అని ఆగుతుంది. అప్పుడు ఎవరో ఒకరు ‘ఇన్సర్ట్ ఇగ్నోర్’ పెట్టు, ఆగదు అని చెబుతారు. ఆగదు నిజమే. డూప్లికేట్లతో పాటు వేరే తప్పుల్ని కూడా వార్నింగ్‌గా మార్చేసి ముందుకెళ్లిపోతుంది. రో తీసేసి నడిపించడానికీ దీనికీ పెద్ద తేడా లేదు, కాకపోతే ఈసారి ఎన్ని పోయాయో మీకు కూడా తెలియదు.

దానికంటే ఇలా చేయండి. స్కూల్ వాళ్లు పంపిన అసలు ఫైల్ మీ మెయిల్‌లో ఇంకా ఉందన్నారు, అదొక్కటీ ఉంది కాబట్టే నేనింత ధైర్యంగా మాట్లాడుతున్నా. దాన్ని ముట్టుకోకుండా ఒక కాపీ తీసుకుని, వేరే టేబుల్‌లోకి మొత్తం ఎక్కించండి. దాన్నీ అసలు టేబుల్‌నీ అడ్మిషన్ నంబర్ మీద లెఫ్ట్ జాయిన్ చేసి, అంటే కాపీలోని అందరికీ అసలు టేబుల్‌లో జోడీ వెతికి, అసలు టేబుల్ వైపు నల్ వచ్చినవాళ్లని అడగండి. సరిగ్గా 23 పేర్లు రావాలి. 24 వస్తే మీకు తెలియకుండా ఇంకొకరు జారారన్నమాట, అది ఇప్పుడే తెలియడం మంచిది. ఆ వచ్చినవాళ్లని మాత్రం ఎక్కించండి. మొదలుపెట్టే ముందు స్టార్ట్ ట్రాన్సాక్షన్ వేసుకుంటే, ఏదైనా తేడాగా కనపడితే రోల్‌బ్యాక్ కొట్టి ఏమీ జరగనట్టు వెనక్కి రావొచ్చు, టేబుల్ ఇన్నోడీబీ (ఇలా వెనక్కి రానిచ్చే రకం) అయితే. ఆ రాత్రి మీకు ఈ ఒక్క సంగతి తెలిసుంటే ఏ రో మీదా చెయ్యి వేసేవారు కాదు.

ఇక చెప్పాలా వద్దా.

చెప్పకుండా సోమవారం లోపు 23 మందినీ ఎక్కించేస్తే, చాలావరకు ఎవరికీ తెలియదు. అబద్ధమెందుకు, ఈ దారీ ఉంది. కానీ టేబుల్‌లో రో ఎప్పుడు పుట్టిందో చెప్పే టైమ్ కాలమ్ ఉంటే 23 మంది మాత్రం వేరే తేదీలో కనపడతారు. అదీగాక శుక్రవారం రాత్రి మీరొక్కరే కూర్చుని ఎక్కిస్తుంటే ఇంకో ఎర్రర్ వస్తే ఎవర్ని అడుగుతారు? దాచిన పని దగ్గర సాయం అడగలేం, అదే దాంతో వచ్చే చిక్కు.

చెబితే ఆ అబ్బాయి మొహం చిట్లించొచ్చు. మేనేజర్ దాకా వెళ్లొచ్చు, ఒక వారం మీ పని ఇంకొకరు చెక్ చేయొచ్చు. చిన్న కంపెనీల్లో మనుషులు ఎలా తీసుకుంటారో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను, అక్కడి గాలి మీకే తెలుసు. అయితే ఎలా చెబుతారన్న దాని మీద చాలా ఉంటుంది. "తప్పు చేశాను బాబూ, ఏం చేయాలో తెలియడం లేదు" అని వెళ్లడం ఒకటి. "లోడ్ అయ్యాక కౌంట్ చూశాను, 1,846కి 1,823 ఉన్నాయి. ఎర్రర్ వచ్చిన 23 నేనే ఆ రాత్రి పక్కన పెట్టాను, అప్పుడే చెప్పాల్సింది. కారణాలు ఇవీ, స్క్రిప్ట్ మార్చాను, లిస్ట్ ఇదిగో, సర్వర్ మీద వేసేముందు ఒకసారి చూడు" అని వెళ్లడం ఇంకొకటి. రెండిట్లోనూ నిజమే ఉంది. రెండోదాన్లో అతనికి చేయడానికి ఒక చిన్న పని కూడా ఉంది, అలాంటప్పుడు జనం తక్కువ కోప్పడతారు. నా మొగ్గు దీనివైపే, అదీ గురువారం లోపు.

ఏదీ చేయకుండా మానేయడం మూడోది. అప్పుడు కౌంటర్ దగ్గర ఫీజు కట్టడానికి వచ్చిన ఒక తండ్రితో "మీ అబ్బాయి పేరు సిస్టమ్‌లో లేదండీ" అని స్కూల్ గుమాస్తా అంటాడు. మీకు ఆ కంపెనీ వదిలేయాలని ఉంటే వదిలేయండి, కానీ 23 ఎక్కించాక వదిలేయండి. మీవారిని నేనేమీ అనను, నిద్రలేని మనిషిని చూసి మానేయమన్నారు, ఎవరైనా అదే అంటారు. ఆయనకి సమస్య ఉద్యోగమని చెప్పారా, 23 పేర్లని చెప్పారా? ఉత్తరంలో అది లేదు.

వయసు గురించి అడిగారు. 1064 చూసి బెదరనివాళ్లు ఇరవై ఏళ్లవాళ్లలోనూ లేరు. వాళ్లకి అలవాటు ఎక్కువ, అంతే. పైగా మీరు బీకాం. రోజు చివర క్యాష్‌బుక్‌కీ చేతిలో డబ్బుకీ 23 రూపాయలు తేడా వస్తే ఆ 23 కొట్టేసి లెక్క కుదిరిందనేవారా? ఎక్కడ తప్పిందో దొరికేదాకా పేజీలు తిప్పేవారు. ఆ అలవాటు మీకు కాలేజీ నుంచే ఉంది, స్క్రీన్ ముందు కూర్చునేసరికి భయంలో మర్చిపోయారు.

ఇంకొక్కటి చూసుకోండి, తల్లిదండ్రుల ఫోన్ నంబర్ కాలమ్ ‘ఇంట్’ (పూర్ణాంకం) అని ఉందేమో. ఇంట్‌లో పట్టే పెద్ద అంకె 2147483647. మన మొబైల్ నంబర్లన్నీ ఆరు నుంచి తొమ్మిదితో మొదలవుతాయి కాబట్టి ఒక్కటీ పట్టదు. స్ట్రిక్ట్ మోడ్ లేని సర్వర్ అయితే ఎర్రర్ ఇవ్వకుండా అందరికీ అదే 2147483647 నంబర్ ఎక్కించేస్తుంది. ఒకసారి సెలెక్ట్ వేసి చూడండి. ఫోన్ నంబర్ వార్‌చార్‌లో, అంటే టెక్స్ట్‌గా, ఉండాలి, దాంతో కూడికలు చేసేదేమీ లేదు కదా.

అంతా అయ్యాక, ఎర్రర్ ఏమీ రాలేదు, స్క్రిప్ట్ చక్కగా ముగిసింది, కానీ టేబుల్‌లో చూస్తే 23 మందీ లేరు అనిపిస్తే కంగారుపడి నాకు మళ్లీ ఉత్తరం రాయకండి. స్క్రిప్ట్ చివర కమిట్, అంటే చేసిన మార్పుల్ని ఖాయం చేసే ఆదేశం, ఉందో లేదో చూసుకోండి.